ఏ కాటా నిజం చెబుతుంది?
బరువు తగ్గడాన్ని సరిగ్గా లెక్కపెట్టుకోవడం ఎలా

ఈ నెల ఆరోగ్య పాఠంలో చాలా చిన్నదిగా కనిపించే ఒక విషయం తీసుకున్నాను. అది బరువు చూసుకోవడం. కాటా ఎక్కుతాం, అంకె చూస్తాం, దిగిపోతాం. ఇందులో నేర్చుకోవలసింది ఏముంది అని మీరు అనుకోవచ్చు. నేను కూడా నర్సింగు చదివే రోజుల్లో అలాగే అనుకున్నాను. కానీ ఇన్నేళ్లు వార్డుల్లో, ఓ.పి.లో పనిచేసిన తరువాత చెబుతున్నాను, బరువు దగ్గర మనం చేసే పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. వాటిలో కొన్ని మనసును కష్టపెడతాయి. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

మా ఓ.పి.లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, మీ కాటా తప్పు చూపిస్తా ఉంది." ఆ మాట అన్నవారిని నేను తప్పుపట్టను. మందుల షాపులో ఒకటి, రైల్వే స్టేషన్లో ఒకటి, ఇంట్లో ఒకటి, ఆస్పత్రిలో ఒకటి, నాలుగు చోట్ల నాలుగు బరువులు చూపిస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజమే.

రెండు సంఘటనలు

మొదటిది ఈ మధ్యనే జరిగింది. పుత్తూరు వైపు నుంచి ఒక తల్లి కూతురితో కలిసి వచ్చింది. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. మూడు నెలల క్రితం మా దగ్గర ఆమె బరువు 72 కిలోలు. బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పారు. పాపం, ఆమె ఆ మాట పట్టుకుని రోజూ తెల్లవారుజామున నడిచింది. రాత్రిపూట అన్నం తగ్గించింది. మళ్లీ మా దగ్గరికి వచ్చే ముందురోజు ఊళ్లో మందుల షాపు కాటాలో చూసుకుంటే 68 వచ్చింది. "నాలుగు కేజీలు తగ్గినాను" అని దారి పొడవునా కూతురితో చెప్పుకుంటూ వచ్చింది. మా కాటా ఎక్కితే 71. ఆమె ముఖం వాడిపోయింది. "ఇంత కష్టపడితే ఒక్క కేజీనా సిస్టరమ్మా? ఇంక నడిచేది ఎందుకు, నోరు కట్టుకొనేది ఎందుకు?" అంది.

నేను ఆమెను కూర్చోబెట్టి అడిగాను. ముందుసారి పరగడుపున రక్తపరీక్షకు వచ్చినప్పుడు, నూలు చీరలో, చెప్పులు విడిచి తూగింది. ఈసారి బస్టాండులో టిఫిను తిని, కాఫీ తాగి, దారిలో నీళ్లు తాగి వచ్చింది. పెళ్లి నుంచి నేరుగా వచ్చినందువల్ల పట్టుచీర కట్టుకుంది. నడుముకు చిల్లర సంచి ఉంది, చేతిలో ఫోను ఉంది. మరునాడు పరగడుపున రక్తపరీక్షకు వచ్చినప్పుడు నూలు చీరలో అదే కాటా మీద చూశాం. 69 కిలోల 800 గ్రాములు. అంటే ఆమె తగ్గింది నాలుగు కిలోలూ కాదు, ఒక కిలో కూడా కాదు. రెండు కిలోల 200 గ్రాములు. ఆ రోజు ఆమె పరగడుపు షుగరు కూడా ముందుకన్నా బాగా తగ్గి వచ్చింది. ఒక తప్పు అంకె వల్ల ఆ తల్లి తన మూడు నెలల కష్టాన్ని వదిలేయబోయింది.

రెండవది నా ఉద్యోగం మొదటి సంవత్సరాలలో జరిగింది. అప్పుడు నేను వేరే ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. ఇరవై ఏళ్లు దాటిన ఒక అబ్బాయి కడుపునొప్పి అని వచ్చాడు. అతని చేతిలో రెండు నెలల కిందటి చీటీ ఉంది. అందులో 51 కిలోలు అని రాసి ఉంది. మా కాటా 47 చూపించింది. అతని తల్లి "బిడ్డ చిక్కిపోయినాడమ్మా" అంది. నేను "అది వేరే కాటా, ఇది వేరే కాటా, తేడా ఉంటుందిలేమ్మా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. డాక్టరుగారికి ఆ తేడా చెప్పలేదు. అతను కడుపునొప్పికి మందులు తీసుకుని వెళ్లిపోయాడు. కొన్ని వారాల తరువాత రక్తం పడే దగ్గుతో వచ్చాడు. టి.బి. అని తేలింది. మందులు వాడి కోలుకున్నాడు గానీ, ఆ లోపల ఇంట్లో ఉన్న చెల్లెలికి కూడా జబ్బు అంటుకుంది. "కాటాల తేడాలే" అన్న నా ఒక్క మాట ఎంత పని చేసిందో ఇప్పటికీ మరచిపోలేదు.

ఈ రెండు సంఘటనల నుంచి ఈ పాఠం పుట్టింది. కాటాల మధ్య తేడా ఉంటుంది, అది నిజమే. ఆ తేడాను చూసి నిరాశపడకూడదు. ఆ తేడా మీద నెట్టేసి, నిజంగా తగ్గిన బరువును పట్టించుకోకుండా ఉండనూ కూడదు. రెండింటినీ వేరుచేసి చూడడం ప్రతి ఇంట్లో నేర్చుకోవచ్చు.

కాటాలు ఎందుకు వేర్వేరుగా చూపుతాయి?

బరువు చూసే యంత్రాలు ముఖ్యంగా మూడు రకాలు.

1. తక్కెడ రకం. తిరుమలలో తులాభారం చూసినవారికి ఇది తెలుసు. ఒక తట్టలో బిడ్డ, ఇంకో తట్టలో బెల్లమో, నాణేలో. రెండూ సమానమైతే తూకం కుదిరినట్టు. ఆస్పత్రులలో నిలువుగా కడ్డీ ఉండి, దాని మీద గుండు జరిపి చూసే పాత కాటా కూడా ఈ కుటుంబానిదే. ముందు సున్నా దగ్గర కడ్డీ సమంగా నిలుస్తుందో లేదో చూసుకుంటే ఇది చాలా ఏళ్లు నమ్మకంగా పనిచేస్తుంది.

2. స్ప్రింగు రకం. ముల్లు తిరిగే చిన్న కాటాలు. లోపల స్ప్రింగు ఎంత నొక్కుకుంటే ముల్లు అంత తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగు అలసిపోతుంది. ఎవరూ ఎక్కకముందే ముల్లు సున్నా దగ్గర కాక అటో ఇటో నిలబడి ఉంటుంది. చాలామంది అది చూడకుండానే ఎక్కేస్తారు. పైగా నిలబడి వంగి చూస్తే ఒక అంకె, పక్క నుంచి చూస్తే ఒక అంకె కనిపిస్తుంది.

3. ఎలక్ట్రానిక్ రకం. అంకెలు వెలిగే కాటాలు. వీటి అడుగున నాలుగు మూలలా బరువును పసిగట్టే భాగాలు ఉంటాయి. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనితేనే అంకె సరిగా వస్తుంది. మన ఇళ్లలో పాత కడప బండల నేలలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. అటువంటి చోట, లేదా చాప మీద, గోనెసంచి మీద పెడితే తేడా వస్తుంది. బ్యాటరీ అయిపోవస్తున్నప్పుడు కూడా తేడా వస్తుంది.

వ్యాపారంలో వాడే కాటాలను తూనికలు కొలతల శాఖవారు పరీక్షించి ముద్ర వేస్తారు. దామలచెరువు మామిడి మండీలో కాయలు తూచేటప్పుడు మన రైతు ఆ ముద్ర ఉందా లేదా అని చూసుకుంటాడు. ఇంట్లో మన ఒంటి బరువు చూసే కాటాను మాత్రం కొన్న రోజు నుంచి పాడయ్యే రోజు దాకా ఎవరూ పరీక్షించరు.

శరీరం బరువు కూడా రోజంతా ఒకటే ఉండదు

తప్పంతా కాటాది కాదు. మన ఒళ్లు కూడా ఉదయం నుంచి సాయంత్రానికి మారుతూనే ఉంటుంది. ఒక లీటరు నీళ్లు తాగితే ఆ క్షణాన ఒక కిలో పెరుగుతాం. రెండు సంగటి ముద్దలు, పప్పు, మజ్జిగ తింటే ఆ తిన్నదంతా కాటాలో కనిపిస్తుంది. అది కొవ్వు కాదు, కడుపులో ఉన్న భోజనం. మూత్రానికి, విరేచనానికి వెళ్లి వస్తే అంత తగ్గుతుంది. ఊరగాయ, అప్పడాలు, ఉప్పు ఎక్కువ ఉన్న విందు భోజనం తిన్న మరునాడు ఒంట్లో నీరు నిలిచి బరువు ఎక్కువగా కనిపిస్తుంది. ఆడవారికి నెలసరికి ముందు రోజుల్లో కూడా అలాగే కొంత పెరుగుతుంది. అలిపిరి మెట్లెక్కి వచ్చినవారు "కిలో తగ్గినాను" అంటారు. అది చెమటగా పోయిన నీరు. రెండు చెంబుల నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది.

ఈ కారణాలన్నీ కలిపి ఆరోగ్యవంతుడి బరువు ఒక్క రోజులోనే కిలో, ఒక్కొక్కసారి రెండు కిలోల దాకా అటూఇటూ అవుతుంది. బట్టలు, నగలు, చెప్పులు, ఫోను, తాళాలగుత్తి కలిసి ఇంకో కిలో పైన. కాబట్టి నిన్న సాయంత్రం ఒక చోట, ఈ ఉదయం ఇంకో చోట చూసుకుని "ఇంత పెరిగినాను, ఇంత తగ్గినాను" అనుకోవడంలో అర్థం లేదు.

ఇంటి కాటాను పరీక్షించే పద్ధతి

మీ ఇంట్లో కాటా ఉంటే నెలకు ఒకసారి ఇలా చూడండి.

ముందు కాటాను గట్టి, సమమైన నేల మీద పెట్టండి. ఎవరూ ఎక్కకముందు సున్నా ఉందా చూడండి. ముల్లు కాటా అయితే పక్కన ఉండే చిన్న చక్రం తిప్పి సున్నాకు తెచ్చుకోవచ్చు.

తరువాత బరువు తెలిసిన వస్తువు పెట్టండి. సీలు తీయని 25 కిలోల బియ్యం బస్తా దీనికి బాగా పనికివస్తుంది. మూడుసార్లు ఎత్తి పెట్టి చూడండి. మూడుసార్లూ దాదాపు ఒకే అంకె రావాలి. ఇది చాలా ముఖ్యం. ప్రతిసారీ 25 బదులు 26 చూపించినా ఆ కాటాతో పని నడుస్తుంది, ఎందుకంటే దాని తప్పు ఎప్పుడూ ఒకే రకంగా ఉంది. ఒకసారి 24, ఒకసారి 26, ఒకసారి 25 చూపిస్తే మాత్రం ఆ కాటా పనికిరాదు.

నూనె ప్యాకెట్లు పెట్టి చూసేవారు ఒక సంగతి గమనించాలి. లీటరు నూనె కిలో తూగదు, నూనె నీటికన్నా తేలిక. ప్యాకెట్ మీద లీటరు పక్కనే గ్రాముల లెక్క కూడా ముద్రించి ఉంటుంది, అది చదవండి. చాలావాటి మీద 910 గ్రాములు అని ఉంటుంది.

కొన్ని ఎలక్ట్రానిక్ కాటాలకు ఇంకో అలవాటు ఉంది. దిగి వెంటనే మళ్లీ ఎక్కితే, తేడా చాలా కొంచెమే ఉంటే, పాత అంకెనే మళ్లీ చూపిస్తాయి. "మూడుసార్లు ఎక్కినా ఒకటే వచ్చింది" అని మురిసిపోకండి. మధ్యలో బియ్యం బస్తా పెట్టి తీసి, అప్పుడు ఎక్కి చూడండి.

బరువు చూసుకునేటప్పుడు ఆరు నియమాలు

1. ఒకే కాటా. ఇంటిదైనా, ఊరి ఆరోగ్య కేంద్రానిదైనా, ఆస్పత్రిదైనా ఒకటి ఎంచుకోండి. దానినే వాడండి.

2. ఒకే సమయం. పొద్దున్నే మూత్రం, విరేచనం అయిన తరువాత, ఏమీ తినకముందు, తాగకముందు.

3. ఒకే రకం బట్టలు. తేలికైన నైటీ, లుంగీ వంటివి. చెప్పులు, ఫోను, నడుము సంచి తీసేయాలి.

4. ఒకే చోటు. కాటాను ఇవాళ వంటింట్లో, రేపు వరండాలో పెట్టవద్దు. కదిలించకుండా ఒక మూల ఉంచితే ఇంకా మంచిది.

5. కదలకుండా నిలబడడం. రెండు పాదాలూ మధ్యలో పెట్టి, గోడనుగానీ మనిషినిగానీ పట్టుకోకుండా, నేరుగా ముందుకు చూడాలి. అంకెను ఇంకొకరు చదివితే మేలు.

6. వెంటనే రాయడం. నోటిలెక్క పనికిరాదు. పిల్లల పాత నోటుబుక్కు చాలు. తేదీ, బరువు, ఏ కాటా అనే మూడు గళ్లు గీసుకోండి. మూడో గడి మరచిపోవద్దు. మా ఓ.పి. పుస్తకాల్లో కూడా "ఇంటి కాటా", "ఆస్పత్రి కాటా" అని రాయమని మా సిస్టర్లకు చెబుతున్నాను.

బరువు తగ్గాలని ప్రయత్నిస్తున్నవారు వారానికి ఒకసారి, ఒకే వారంలో ఒకే రోజున చూసుకుంటే చాలు. గంటగంటకూ ఎక్కి దిగడం వల్ల మనశ్శాంతి పోవడం తప్ప లాభం లేదు.

రెండు కాటాలు తప్పనప్పుడు

ఇంట్లో ఒక కాటా, ఆస్పత్రిలో ఒక కాటా ఉండనే ఉంటాయి. అప్పుడు రెండింటి మధ్య ఒక వంతెన వేసుకోవాలి. అది చాలా సులువు. ఆస్పత్రికి వచ్చే రోజు ఉదయం ఇంట్లో బరువు చూసుకుని రాసుకోండి. అదే రోజు ఆస్పత్రిలో చూసింది పక్కన రాయించుకోండి.

ఉదాహరణకు ఒకరికి ఈ నెల ఇంట్లో 64.2 కిలోలు, ఆస్పత్రిలో 65.6 కిలోలు వచ్చింది. తేడా 1.4. వచ్చే నెల ఇంట్లో 63.0, ఆస్పత్రిలో 64.5 వచ్చింది. ఇప్పుడు అడ్డంగా చూస్తే ఏ కాటా నిజమో తెలియదు. నిలువుగా చూడండి. ఇంటి కాటా ప్రకారం 1.2 కిలోలు తగ్గింది. ఆస్పత్రి కాటా ప్రకారం 1.1 కిలోలు తగ్గింది. అంకెలు వేరైనా రెండు కాటాలూ ఒకే మాట చెబుతున్నాయి. "ఒక కిలో పైన తగ్గినావు" అని. మనకు కావలసింది ఆ మాటే. ఇంటి అంకెలోంచి ఆస్పత్రి అంకెను తీసేయవద్దు. ఇంటి అంకెను ఇంటి అంకెతో, ఆస్పత్రి అంకెను ఆస్పత్రి అంకెతోనే పోల్చండి.

కొత్త కాటా కొన్నప్పుడు కూడా ఇదే పద్ధతి. పాతది పారేయకముందు ఒక వారం పాటు రెండింటి మీదా చూసి, తేడా పుస్తకంలో రాసి, అప్పుడు పాతదాన్ని తీసేయండి.

రోజూ చూసుకునే అలవాటు ఉన్నవారు వారం సగటు తీసుకోవాలి. ఒకరి మొదటి వారం బరువులు ఇవి: 65.1, 64.6, 65.3, 64.9, 64.5, 65.0, 64.8. కూడి ఏడుతో భాగిస్తే 64.9 వస్తుంది. రెండో వారం: 64.7, 64.9, 64.2, 64.5, 64.8, 64.1, 64.4. సగటు 64.5. మొదటి వారం రెండో రోజు 64.6, రెండో వారం రెండో రోజు 64.9. ఆ రెండు రోజులే చూసినవారు "పెరిగిపోయినాను" అని బాధపడతారు. సగటు చూసినవారికి 400 గ్రాములు తగ్గినట్టు తెలుస్తుంది.

తగ్గవలసిన బరువు

షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు ఉండి బరువు ఎక్కువగా ఉన్నవారికి, ఉన్న బరువులో 5 శాతం తగ్గినా మేలు కనిపిస్తుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు. వారానికి అర కిలో చొప్పున తగ్గినా మంచి వేగమే. మూడున్నర కిలోలు తగ్గడానికి రెండు నెలలు పట్టవచ్చు. కాబట్టి రెండు కాటాల మధ్య ఉండే ఒకటిన్నర, రెండు కిలోల తేడా మీ నెల రోజుల కష్టాన్ని మింగేసి చూపగలదు, లేదా మీరు పడని కష్టాన్ని పడినట్టు చూపగలదు.

కాటా కదలకపోయినా నిరాశపడనక్కరలేదు. మనకు దగ్గరలోని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగరు వచ్చే దశలో ఉన్నవారిని మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక, ఆహార నియమాలు పాటించినవారిలో షుగరు రావడం సుమారు 28 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. అయినా లాభం కలిగింది. నడిచిన నడక కాటాకు తెలియకపోయినా రక్తానికి తెలుస్తుంది.

అందుకే కాటాతో పాటు టైలరు టేపు కూడా వాడమని చెబుతాను. బొడ్డు మట్టున నడుము చుట్టుకొలత నెలకు ఒకసారి చూసుకోండి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలి. టేపుకు బ్యాటరీ లేదు, స్ప్రింగు లేదు.

తగ్గకూడని బరువు

ఇప్పుడు పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. ప్రయత్నం లేకుండా తగ్గిన బరువును చూసి సంతోషించకండి. "షుగరు వచ్చినాక ఒళ్లు తేలికయింది" అని కొందరు ఆనందంగా చెబుతారు. బాగా తింటూనే చిక్కిపోతున్నారంటే షుగరు అదుపు తప్పి ఉండవచ్చు. థైరాయిడ్ కావచ్చు, టి.బి. కావచ్చు, క్యాన్సరు కావచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది లోపల, కారణం లేకుండా 5 శాతం బరువు తగ్గితే తప్పకుండా డాక్టరుకు చూపించాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు.

"మరి అది కాటా తేడా కావచ్చు గదా?" అని అడుగుతారు. అయితే ఇంకో సాక్ష్యం చూడండి. బెల్టుకు కొత్త రంధ్రం పొడిచారా? రవికె వదులైందా? ఉంగరం, గాజులు జారుతున్నాయా? పండుగకు వచ్చిన చుట్టాలు "ఏంది ఇట్లయిపోయినావు?" అన్నారా? అప్పుడు కాటా తప్పు కాదు. ఆ అబ్బాయి తల్లి నాతో అన్నది సరిగ్గా అదే. నేను కాటాను నమ్మలేదు, తల్లినీ నమ్మలేదు. బిడ్డ చిక్కిపోయాడని తల్లి చెబితే అది కూడా ఒక తూకమే అని ఆ తరువాతే నేర్చుకున్నాను.

బరువు తగ్గడంతో పాటు రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే ఆలస్యం చేయకుండా కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆస్పత్రులలో టి.బి. పరీక్షలు, మందులు ఉచితం.

టి.బి. విషయంలో మన ప్రాంతానికి పెద్ద చరిత్ర ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి 1915లో టి.బి. శానటోరియం ప్రారంభించాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మొల్లర్ దాని మొదటి సూపరింటెండెంటు. టి.బి.కి మందు లేని ఆ కాలంలో శానటోరియంలన్నిటా విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండే వైద్యం. రోగి కోలుకుంటున్నాడా లేదా అన్నది జ్వరం చార్టు, బరువు చార్టు చూసి అంచనా వేసేవారు.

మందులు వచ్చిన తరువాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరిని శానటోరియంలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. మంచి తిండి దొరికిన శానటోరియం రోగులు ఎక్కువ బరువు పెరిగారు. అయినా జబ్బు నయం కావడంలో ఇంటి దగ్గర ఉన్నవారు వెనుకబడలేదు. దీని నుంచి నేర్చుకోవలసింది, బరువు పెరిగిందని మందులు మధ్యలో ఆపకూడదు. బరువు మెల్లగా పెరుగుతోందని మందుల మీద నమ్మకం కోల్పోకూడదు.

అలాగని బరువును తేలికగా తీసుకోవద్దు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రచురితమైన రేషన్స్ అనే అధ్యయనంలో, చికిత్స మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన టి.బి. రోగులలో మరణాలు సగానికి పైగా తక్కువగా కనిపించాయి. 40 కిలోల రోగికి 5 శాతం అంటే 2 కిలోలు. రెండు కాటాల మధ్య తేడా కూడా దాదాపు అంతే! మొదటి రోజు ఒక కాటా, రెండు నెలల తరువాత ఇంకో కాటా వాడితే, ఆ రోగి కోలుకుంటున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి, టి.బి. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది. పెద్దవారిలో 25 నుంచి 34 కిలోల వారికి రోజుకు 2, 35 నుంచి 49 వారికి 3, 50 నుంచి 64 వారికి 4. సరిహద్దులో ఉన్న మనిషికి ఒక కిలో తప్పు చూపితే ఒక మాత్ర మారిపోతుంది. అందుకే చెప్పులతో, స్వెటరుతో కాటా ఎక్కవద్దు అని మా సిస్టర్లు అంటే విసుక్కోకండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మార్చుకోవద్దు. టి.బి. రోగుల పోషకాహారం కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బుతో కోడిగుడ్లు, పప్పు, వేరుశనగలు, పాలు కొని రోగికే పెట్టండి.

పాఠకులు అడిగిన ప్రశ్నలు

గుండె జబ్బు ఉన్నవారు రోజూ బరువు చూసుకోవాలా?
గుండె బలహీనపడి నీరు చేరేవారికి, డాక్టరు చెబితే, రోజూ చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే ఆస్పత్రికి రండి. వీరికి ఇంట్లో సొంత కాటా ఉండడం అవసరం.

కొవ్వు శాతం కూడా చూపే కొత్త కాటాలు మంచివేనా?
అవి పాదాల ద్వారా అతి స్వల్పమైన కరెంటు పంపి లెక్క కడతాయి. ఒంట్లో నీరు ఎక్కువ తక్కువైతే ఆ లెక్క మారుతుంది. బరువు వరకు వాడుకోండి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు, గర్భిణులు వాడకూడదు.

చంటిబిడ్డ బరువు అంగన్‌వాడీలో ఒకటి, ఆస్పత్రిలో ఒకటి వస్తోంది. ఏది నమ్మాలి?
బిడ్డకు 300 గ్రాముల తేడా కూడా పెద్దదే. తడి గుడ్డ, స్వెటరు, మొలతాడు తాయెత్తులు తీసి, వీలైనంత తక్కువ బట్టలతో, ప్రతినెలా ఒకే చోట చూపించి కార్డులో గీత గీయించండి. గీత పైకి పోతూ ఉండాలి. రెండు నెలలు అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టరుకు చూపించండి.

ఇంట్లో కాటా కొనే స్తోమత లేదు. ఏమి చేయాలి?
కొననవసరం లేదు. మీకు దగ్గరలో ఉన్న ఒక్క కాటాను ఎంచుకోండి. నెలకు ఒకసారి, ఉదయం పూట, అదే కాటా. పుస్తకంలో రాసుకోండి. అంతే.

చివరిగా ఒక మాట

మనిషి మనసుకు ఒక బలహీనత ఉంది. మనకు నచ్చిన అంకె చూపే కాటాను వెతుక్కుంటూ పోతాం. షాపు కాటా తక్కువ చూపితే అది మంచిది, ఆస్పత్రి కాటా ఎక్కువ చూపితే అది చెడ్డది. దొంగత్రాసు గురించి సామెతల గ్రంథంలో చదివినప్పుడు మనకు అంగడివాడే గుర్తొస్తాడు. మన ఒంటి విషయంలో మనల్ని మనమే తక్కువ తూకంతో మోసం చేసుకుంటామని గుర్తురాదు.

పుత్తూరు తల్లి ఇప్పుడు కూడా నడుస్తోంది. ఆమె సంచిలో ఒక చిన్న నోటుబుక్కు ఉంది. మూడు గళ్లు, కూతురి చేతిరాత. క్రితం సారి వచ్చినప్పుడు కాటా ఎక్కకముందే చెప్పులు విడిచి, ఫోను కూతురికి ఇచ్చి, "సిస్టరమ్మా, పరగడుపున వచ్చినాను, రాసుకోండి" అంది.

ఈ వారం మీరు చేయవలసిన పని: ఇంట్లో అందరూ ఒకే ఉదయం, ఒకే కాటా మీద బరువు చూసుకోండి. ఒక పుస్తకంలో పేరు, తేదీ, బరువు, ఏ కాటా అని రాయండి. నెల తరువాత మళ్లీ చూడండి. ప్రయత్నం లేకుండా ఎవరికైనా తగ్గినట్టు కనిపిస్తే "కాటా తేడాలే" అనుకోకుండా, ఆ పుస్తకం తీసుకుని ఆస్పత్రికి రండి.

నర్సింగ్ సూపరింటెండెంట్